గుండ్ల దండ ఎవరిది

మా ఇంట్లో దొంగలు పడ్డారని పోలీసులకంటే ముందు ఆళ్లగడ్డకు తెలిసింది. మా ఆయన మొదట ఫోన్ చేసింది స్టేషన్‌కు కాదు, ఆళ్లగడ్డలో ఉండే వాళ్ళ అన్నకు. మా ఆయన, మా అత్త, నేను, ముగ్గురం నంద్యాలలోని మా ఇంటి గుమ్మంలో నిలబడి విరిగిన గడియను చూస్తుండగానే అత్త ఫోన్ మోగింది. అవతల ఎవరో ఆడమనిషి. ఇల్లెట్లుంది, మీరెట్లున్నారు అని అడగలేదు. "పెద్దమ్మా, దండ ఉందా?" అంది.

దండ లేదు.

మామ పోయి ఏడాది అయిందని ఆ ముందు రోజు ఆళ్లగడ్డలో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. ప్రార్థన, భోజనాలు అయ్యేసరికి పొద్దుపోయింది. ఆ రాత్రికి బావ ఇంట్లోనే పడుకుని తెల్లవారి బస్సుకు బయలుదేరి వచ్చాం. ఇల్లు ఖాళీగా ఉన్నది ఆ ఒక్క రాత్రే. బీరువా తలుపు వంచి తీశారు. నా చీరలన్నీ నేల మీద పడి ఉన్నాయి. నేను దిద్దిన పరీక్ష పేపర్ల కట్ట కూడా విప్పి చూశారు. మా తొమ్మిదో తరగతి పిల్లల లెక్కల పేపర్లలో ఏం దొరుకుతుందనుకున్నారో, పాపం. నా గాజుల జత పోయింది, మా ఆయన ఉంగరం పోయింది, దండ పోయింది. మంచం పక్కన బూంది పారబోసి ఉంది, దానికి అప్పుడే చీమలు పట్టాయి. అత్త ఆ చీమల పక్కనే కూలబడి, "దండ డబ్బాగూడా తీస్కపోయినారే" అంది.

ఆ దండ సంగతి చెప్పకపోతే ఈ కథంతా అర్థం కాదు. రెండు వరుసల బంగారు గుండ్లు, మధ్యలో ఎర్రరాళ్ళ బిళ్ళ. మా అత్త ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్ళకు నర్సమ్మగా తిరిగి కాన్పులు చేసేది. జీతంలో మిగిల్చుకుని, మిగిల్చుకుని, అక్కడి కంసాలి ఆచారి దగ్గర ఆ దండ చేయించుకుంది. చేయించుకున్న కొత్తలోనే పక్కింటి కూలివాళ్ళ పిల్ల పెళ్ళి వచ్చింది. తెల్లచీర కట్టి ముసుగేసుకుని చర్చిలో నిలబడాల్సిన పిల్ల మెడ బోసిగా ఉందని అత్త తన దండ తెచ్చి వేసింది. అంతే, అక్కడి నుంచి ఆ దండకు ఇంట్లో కాలు నిలవలేదు.

దానికొక పద్ధతి కూడా ఏర్పడింది. పెళ్ళి ఖాయమైన పిల్ల తల్లి మా అత్త ఇంటికి వచ్చేది. ఏమీ అడిగేది కాదు. కూర్చుని, కాఫీ తాగి, వానల గురించి, మిరప ధర గురించి మాట్లాడేది. చివరికి అత్తే "ఏ పొద్దు?" అనేది. పెళ్ళయిన తర్వాతి సోమవారం దండ తిరిగొచ్చేది. డబ్బా ఖాళీగా రాకూడదు. కలిగినవాళ్ళు బూంది పెట్టేవాళ్ళు, లేనివాళ్ళు గుప్పెడు చక్కెరో బెల్లం ముక్కో పెట్టేవాళ్ళు. మా ఆయన చిన్నప్పుడు బడి నుంచి వస్తూనే, "అమ్మా, ఈ వారం ఎవరి పెండ్లీ లేదా?" అని అడిగేవాడట. తీపి కోసం ఊరి పెళ్ళిళ్ళన్నీ లెక్కపెట్టుకున్న మనిషి ఆయన.

నా పెళ్ళికి మాత్రం ఆ దండ నా మెడలోకి రాలేదు. అదే రోజు దొర్నిపాడులో ఇంకొక పిల్ల పెళ్ళి. తండ్రి లేని పిల్ల. దండ అక్కడికి పోయింది. ఉండబట్టలేక అడిగాను. "నీకు మీ అమ్మ పెట్టింది. ఆ పాపకు ఎవరు పెడ్తారు?" అంది అత్త. న్యాయమే. కానీ న్యాయమైన మాటలన్నీ అరగవు. కొత్త కోడల్ని కాబట్టి ఎదురాడలేదు గానీ, ఆ సోమవారం వచ్చిన బూంది మాత్రం నేను ముట్టలేదు. తర్వాత కూడా ఆ దండ మాట వచ్చినప్పుడల్లా వంటింట్లో నా గిన్నెలు కొంచెం గట్టిగానే చప్పుడు చేసేవి.

సరే, దొంగల సంగతికొస్తాను. ఇల్లు కట్టడానికి బ్యాంకులో అప్పు తీసుకున్నప్పుడు ఇంటికి ఇన్సూరెన్స్ చేయించుకోమన్నారు. వేరే మగవాళ్ళైతే చూపించిన చోట సంతకం పెట్టి మరిచిపోతారు. మా ఆయన విత్తనాల కంపెనీ గోడౌన్‌లో స్టాకు చూసుకునే మనిషి. కూర్చుని అంతా చదివి, ఇంట్లో సామాన్లకు, నగలకు కూడా కలిపి కట్టాడు. ఏ కాగితమైనా ప్లాస్టిక్ కవర్లో పెట్టందే ఆయనకు నిద్రపట్టదు. దాని మీద నేను చేసిన ఎగతాళి అంతా ఇంతా కాదు. ఆ రోజు బీరువా వెనక నుంచి ఆ కవరు లాగి దుమ్ము దులుపుతుంటే, ఇంట్లో దొంగలు పడిన మనిషి ముఖంలో ఉండకూడని వెలుగు ఆయన ముఖంలో కనిపించింది. ఆ పూటకు ఎగతాళి మానుకున్నాను. ఆ వెలుగు ఆయనకు అవసరం.

ఆ వారమంతా వచ్చినవాళ్ళు వచ్చినట్టు సలహాలిచ్చారు. కెమెరా పెట్టించుకోవాల్సింది, కుక్కను పెంచుకోవాల్సింది, తలుపుకు ఇనుప గ్రిల్లు వేయించుకోవాల్సింది. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు. పోలీసులు వచ్చి వేలిముద్రలు తీసుకుపోయారు, ఎఫ్ఐఆర్ కాపీ ఇచ్చారు. ఇన్సూరెన్స్ వాళ్ళకు ఫోన్ చేస్తే సర్వేయర్ వచ్చి చూస్తాడని చెప్పారు.

సర్వేయర్ కర్నూలు నుంచి వచ్చాడు. నడివయసు మనిషి, మెల్లగా మాట్లాడతాడు. చెప్పులు బయట విప్పి లోపలికొచ్చాడు, దాంతోనే అత్తకు నచ్చాడు. గడియను ఫోటో తీశాడు, బీరువాను ఫోటో తీశాడు. గాజుల బిల్లు కవర్లో ఉంది. ఉంగరం బిల్లు కూడా ఉంది. మా ఆయన ఒక్కొక్కటి తీసి ఇస్తుంటే పెళ్ళిలో తాంబూలం ఇస్తున్నంత సంబరంగా ఉంది. దండ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాం. దానికి బిల్లు లేదు. చేసిన ఆచారి ఎప్పుడో పోయాడు, ఆ కొట్టు ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల అంగడి ఉంది.

"పర్వాలేదు," అని సర్వేయర్ అత్త వైపు తిరిగాడు. "ఈ దండ మీదేనా అమ్మా?"

"నాదెట్లయితాదప్పా? అందరిదీ," అంది అత్త.

మా ఆయన తల పట్టుకున్నాడు. సర్వేయర్ పెన్ను ఆగింది. "అందరిదీ అంటే?"

"మా ఊర్లో పెండ్లయ్యే పిల్లలందరిదీ. నా కాడ ఉంటాది, అంతే."

"అట్లయితే దొంగలు పడినప్పుడు అది ఇంట్లోనే ఉందా? లేకుంటే ఎవరికన్నా ఇచ్చినారా?"

"సోమవారం వచ్చె గదప్పా! బూందితో వచ్చె. నువ్వు బూంది సూడలేదా?"

బూందిని ఆ రోజే నేను ఊడ్చి పారేశాను. ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ చీమలూ నేనూ పంచుకున్నాం. మా ఆయన "అమ్మా, నువ్వు రవంత గమ్మునుండు" అన్నాడు. అత్తకు అర్థం కాలేదు. సార్ అడిగాడు, చెప్పింది. సర్వేయర్ మా ఆయనతో, "సార్, పాలసీ మీ కుటుంబం వస్తువులకు. ఆమేమో ఊరందరిదీ అంటాంది. నన్నేం రాయమంటారు?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే ఎట్లా రాయాలో తెలియక అడిగాడు. లేస్తూ, "బిల్లు లేకపోయినా, ఆమె ఆ దండ వేసుకున్న ఫోటో ఏదన్నా ఉంటే చూపించండి. ఎంత పాతదైనా పర్వాలేదు" అని చెప్పి వెళ్ళాడు.

"యథార్థవాది లోకవిరోధి అంటే ఇదే అత్తా," అన్నాను నేను.

"అబద్ధం చెప్పమంటావా పాపా?"

"అబద్ధం వద్దు. నాదే అని ఒక్క మాట అనుంటే సరిపోయేది గదా."

అత్త లేచి వంటింట్లోకి పోయింది. సాయంత్రం కూరగాయలు తరుగుతూ తరుగుతూ కత్తిపీట పక్కన పెట్టి, తనే మొదలుపెట్టింది. "దుడ్లు రాకుంటే పోనీ పాపా. నా ఏడుపు దానికి గాదు. నర్సమ్మ పని పాయె. మీ మామ పాయె. ఊరిడిసి నంద్యాలకొస్తిమి. అయినా బస్సెక్కి నా గడపకు మనుషులొచ్చిరి, ఆ దండ ఉన్నందుకు. ఇంగ దేనికొస్తారు చెప్పు? ముసిల్దాన్ని సూసి పోదామని ఎవురొస్తారు?"

అప్పటికే ఒక పిల్లకు మాట ఇచ్చి ఉంది. ఆళ్లగడ్డ పిల్ల, నర్సింగ్ చదివింది, ఆ పిల్ల పుట్టినప్పుడు వాళ్ళమ్మకు కాన్పు చేసింది కూడా మా అత్తే. ఆ పెళ్ళి దగ్గరపడుతోంది. ఆ తల్లి వచ్చే రోజు కోసం అత్త ఎదురుచూస్తోందని నాకు తెలుసు. వీధిలో ఆటో ఆగిన ప్రతిసారీ తల తిప్పి చూసేది. ఆ తల్లి వస్తే ఏం చెప్పాలన్న భయం ఒకటి, రాకపోతే ఎట్లా అన్న భయం ఇంకొకటి. ఆమెను అట్లా చూస్తే నాకు గుండె నొచ్చింది. ఇన్నేళ్ళూ ఆ దండను ఆమె దర్జాకు గుర్తు అనుకున్నాను. అది ఆమెకు నలుగురినీ తెచ్చిపెట్టే వస్తువని నాకు తట్టనే లేదు.

ఫోటోల కోసం ఇల్లంతా వెతికాం. అత్త పెళ్ళి ఫోటోలో దండ లేదు, అప్పటికి అది పుట్టనే లేదు. బావ పెళ్ళిలో అత్త మెడలో నల్లపూసలు మాత్రమే ఉన్నాయి, దండ పెళ్ళికూతురి మెడలో ఉంది. మా పెళ్ళి ఆల్బమ్ సంగతి చెప్పనక్కర్లేదు. క్రిస్మస్ ఫోటోల్లో లేదు, చర్చి స్త్రీల సమాజం ఫోటోల్లో లేదు. దండ చేయించుకున్న మనిషి మెడలో ఆ దండ ఉన్న ఫోటో ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. "ఒక్క రోజన్నా వేసుకోలేదా అత్తా?" అని విసుక్కున్నాను. "ఏసుకుంటి. ఇంట్లో. అద్దంలో సూసుకుంటి," అంది.

ఇక ఆళ్లగడ్డకు ఫోన్ చేశాను. దండ వేసుకున్న ఫోటోలేమైనా ఉంటే పంపమని ఇద్దరికి చెప్పాను. ఆ ఇద్దరు ఎంతమందికి చెప్పారో, నా ఫోన్ ఆగకుండా మోగింది. గోస్పాడు నుంచి వచ్చాయి, బనగానపల్లె నుంచి వచ్చాయి. పాత ఆల్బమ్‌లోని ఫోటోను మళ్ళీ ఫోన్‌తో తీసి పంపారు, కొన్నింట్లో పంపినవాళ్ళ బొటనవేలు కూడా పడింది. గోడకు సరస్సు బొమ్మ గీసిన స్టూడియోలో ఒక పిల్ల. చర్చి మెట్ల మీద ఎండకు కళ్ళు చికిలించిన పిల్ల. వెలిసిపోయి ముఖం కూడా సరిగా కనపడని పిల్ల. అందరి మెడల్లోనూ అదే రెండు వరుసలు, అవే ఎర్రరాళ్ళు.

వాటిల్లో దొర్నిపాడు పిల్ల ఫోటో కూడా ఉంది. నా పెళ్ళి రోజున పెళ్ళయిన పిల్ల. బక్కగా, భయంభయంగా, చెంపలు లోపలికి పోయి ఉంది. ఆ దండ ఆ పిల్ల కంటే పెద్దదిగా కనిపించింది. అయినా గడ్డం పైకెత్తి నిలబడింది. ఆ దండ లేకపోతే ఆ గడ్డం అట్లా లేచేది కాదు, నాకది స్పష్టంగా కనిపించింది. చాలాసేపు ఆ ఫోటోనే చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్ళుగా నాకు అరగని మాట ఆ రోజు అరిగింది. వంటింట్లోకి పోయి అత్తకు కాఫీ పెట్టిచ్చాను.

సర్వేయర్ మళ్ళీ వచ్చినప్పుడు ఫోన్ ఆయన చేతికిచ్చాను. ఆయన ఒక్కొక్క ఫోటో జరుపుతూ చూశాడు. కాసేపటికి నవ్వొచ్చింది ఆయనకు. "ఇవన్నీ పెద్దమ్మ చెప్పిన మాటనే రుజువు చేస్తాండాయి గదా మేడం. నిజంగానే అందరిదీ." మా ఆయన ముఖం మాడిపోయింది. నేను కూడా ఇంక ఆశ వదులుకున్నాను.

సర్వేయర్ మాత్రం జరపడం ఆపలేదు. మళ్ళీ మొదటికి పోయి, వేళ్ళతో ఫోటో పెద్దది చేసి, "ఈ వెనకాల ఉండే ఆయమ్మ ఎవరు?" అన్నాడు.

నేను మెడలే చూశాను గానీ మెడల వెనక చూడలేదు. వంగి చూశాను. పెళ్ళికూతురి భుజం వెనక సగం ముఖం. ఇంకొక ఫోటోలో ఒక జడ, ఒక చెవి కమ్మ. మరొకదాంట్లో ముఖమే లేదు, పిల్ల మెడ వెనక రెండు చేతులు మాత్రమే ఉన్నాయి. మా పెళ్ళి రోజున తీసిన దొర్నిపాడు ఫోటో తప్ప మిగిలిన ప్రతి ఫోటోలోనూ ఆ మనిషి ఉంది, కళ్ళు కిందికి దించుకుని, తన పని తాను చూసుకుంటూ. వయసు మాత్రం మారుతూ వచ్చింది. కొన్నింట్లో నల్లజడ, కొన్నింట్లో నెరిసిన ముడి.

ఆ దండకు కొక్కెం లేదు. వెనక పట్టుదారంతో ముడి వేయాలి. బరువుకు ఆ ముడి జారుతుంది, అత్త వేస్తేనే నిలుస్తుంది. అందుకని దండ ఎక్కడికి పోతే అక్కడికి పోయి, తన చేత్తో ముడి వేసి, ఫోటోలు అయ్యేదాకా ఎక్కడ జారుతుందోనని వెనకే కాచుకుని నిలబడేది. ఆమె పెళ్ళిళ్ళకు పోతుందని మాకు తెలుసు. ఎక్కడ నిలబడుతుందో మేమెవ్వరం ఎప్పుడూ పట్టించుకోలేదు.

అప్పుడే అత్త కాఫీ తీసుకుని వచ్చింది. సర్వేయర్ ఫోన్ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "ముడి మీరే వేసేదా అమ్మా?"

"ఇంగెవరేసినా జారతాదప్పా," అంది అత్త, గ్లాసు అందిస్తూ.

ఆయన కాఫీ మొత్తం తాగి గ్లాసు కింద పెట్టాడు. తర్వాత మా ఆయనతో, "ఈ పిల్లల్లో ఒకరిద్దరి చేత, దండ ఆమె దగ్గరే తీసుకున్నాం, ఆమెకే తిరిగిచ్చినాం అని రాయించి పంపండి సార్. చాలు" అన్నాడు. ఇద్దరి చేత రాయించాం. దానికి మిగిలినవాళ్ళు అలిగారు. బనగానపల్లె ఆమె అయితే, "మేం ఏసుకోలేదా దండ? మా సంతకం చెల్లదా?" అని నాతో వారం రోజులు మాట్లాడలేదు.

క్లెయిమ్ పాసైంది. చాలా ఆలస్యంగా, కొంత కోసి ఇచ్చారు. తర్వాత ఆ డబ్బుతో చిన్నదే అయినా మళ్ళీ ఒక దండ చేయించాం. ఈసారి బిల్లుతో. ఆ బిల్లు ఎక్కడుందో చెప్పాల్సిన పని లేదు. కానీ ఇదంతా తర్వాతి మాట. ఆళ్లగడ్డ పిల్ల పెళ్ళి నాటికి మా చేతిలో డబ్బూ లేదు, దండా లేదు.

ఆ తల్లి రాలేదు. అత్త ఫోన్‌కు వాట్సాప్‌లో పెళ్ళి పత్రిక వచ్చింది. నేనే చదివి వినిపించాను. "సూసినావా పాపా, ఇంటికి రాల్యా," అని అత్త ఫోన్ బోర్లా పెట్టేసింది. ఆ రోజు అన్నం సరిగా తినలేదు. పెళ్ళికి పోదామంటే మోకాళ్ళు నొప్పులంది. "నావీ నొస్తాండాయి, ఇద్దరం కుంటుకుంటూ పోదాం" అని నేనే చీర తీసిచ్చాను. బస్సులో ఆళ్లగడ్డ దాకా ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది. దిగేటప్పుడు మాత్రం, "నా చేతుల్లో ఏమీ ల్యాకుండా ఎప్పుడూ పోల్యా పాపా" అంది. ఆమె చెయ్యి పట్టుకున్నాను.

చర్చి పక్క గదిలో పెళ్ళికూతుర్ని తయారుచేస్తున్నారు. మమ్మల్ని చూడగానే ఆ తల్లి లేచి వచ్చి అత్త రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది. "నీ ఇంటికొస్తే దండ అడగనీకి వచ్చినట్టుంటాదని రాల్యా పెద్దమ్మా. పోగొట్టుకొని ఉండావే, నీ ముందర వచ్చి ఎట్ల కూర్చోవాల అని రాల్యా." తాను వస్తే ఎదుటి మనిషి బాధపడుతుందని ఒకరు రాలేదు, రాలేదని ఇంకొకరు బాధపడ్డారు. అత్త ఆ తల్లి కొంగుతోనే ఆమె కళ్ళు తుడిచింది.

పిల్ల కుర్చీలో తెల్లచీరలో కూర్చుని ఉంది. ఒళ్ళో ఒక హారం ఉంది, నంద్యాల బజారులో కొన్న వన్ గ్రామ్ గోల్డ్. ఇంకా వేసుకోలేదు. ఫోటోగ్రాఫర్ లైట్లు సరిచేసుకుని తొందరపెడుతున్నాడు. "రా అవ్వా, బేగా వెయ్యి. నీకోసరమే కూర్చోనుండా," అంది పిల్ల.

"దీనికి నేనెందుకు నాయనా? కొక్కెం ఉంది గదా," అంది అత్త.

"కొక్కెం ఉంటే ఏమాయె?"

అత్త వెనక్కి పోయి నిలబడింది. ముడి వేసే వేళ్ళకు కొక్కెం అలవాటు లేదు. చూపు కూడా ఆనడం లేదు. హారం రెండు కొసలూ పట్టుకుని తడుముకుంటూ ఉంది. నేను సాయం పోబోయి ఆగిపోయాను. ఫోటోగ్రాఫర్ కెమెరాలోంచి కన్ను తీసి, "అవ్వా, రవంత పక్కకు జరుగు. ఫ్రేములో పడ్తాండావ్" అన్నాడు.

అత్త వెంటనే జరగబోయింది. పిల్ల తల తిప్పకుండానే చెయ్యి వెనక్కి చాపి ఆమె చెయ్యి పట్టుకుంది.

"పడనీ అన్నా," అంది. "మా అమ్మ పెండ్లి ఫోటోలో పడ్లేదా? అవ్వ పడకుంటే అది పెండ్లి ఫోటో ఎట్లయితాది?"

ఫోటోగ్రాఫర్ ఇద్దరూ పట్టేటట్టు రెండడుగులు వెనక్కి వేశాడు. కొక్కెం పడింది. అత్త కొంగు సర్దుకుంది. ఇన్నేళ్ళ ఫోటోల్లో ఎక్కడా ముడి మీది నుంచి కళ్ళెత్తని మనిషి, ఆ రోజు తలెత్తి నేరుగా కెమెరాలోకి చూసింది.